ఒరిజినల్ ఎవరిది?

పాత మోటారు సైకిల్ని బాగుచేసుకునే మగవాణ్ణి చూసి లోకం ముచ్చటపడుతుంది. ఎంత ఓపిక, ఎంత ఇష్టం అంటుంది. పాత చీరకి ఫాల్ మార్చి, చిరిగినచోట రఫ్ చేయించి, ఇంకో నాలుగేళ్ళు కట్టుకునే ఆడదాన్ని చూసి ముచ్చటపడదు. పొదుపంటుంది, మరీ మాట్లాడితే పిసినారితనం అంటుంది. రెండూ మరమ్మతులే. రెండింటికీ చూపు కావాలి, చెయ్యి తిరగాలి, వస్తువు మీద కాస్త ప్రేమ ఉండాలి. మొదటిదానికి 'రెస్టొరేషన్' అని పెద్ద పేరుంది. రెండోదానికి పేరే లేదు.

ఈ తేడా గురించి మనం చాలాసార్లే మాట్లాడుకున్నాం. ఇప్పుడు నేను అడగదల్చుకున్న ప్రశ్న దీని పక్కనే ఉంటుంది. పాత వస్తువుని బాగుచేయడం అంటే దాన్ని ఏ స్థితికి తీసుకెళ్ళడం? షోరూం నించి బయటికొచ్చిన రోజుకా? బాగా నడిచిన రోజులకా? ఆ స్థితి ఏదో తేల్చే హక్కు ఎవరిది? ఏడాదిన్నరగా గుడివాడ దగ్గర మా ఇంటి వెనక రేకుల షెడ్డులో 1973 నాటి బుల్లెట్ బండిని విప్పుతూ బిగిస్తూ ఉన్నాను. చేతులకి గ్రీజుతో పాటు ఈ ప్రశ్న కూడా అంటుకుంది.

బండి నాన్నది. అంటే ఆర్.సి. మీద ఉన్న పేరు నాన్నది. 1999లో ఆయన పోయాక బండి మీద టార్పాలిన్ కప్పారు. ఆ తర్వాత దాని మీద వరిగడ్డి మోపులు, విరిగిన కుర్చీలు చేరాయి. నేను టార్పాలిన్ తీసేసరికి ట్యాంకు లోపలంతా తుప్పు, రబ్బరన్నది ఎక్కడున్నా రాయిలా గట్టిపడింది, కిక్ రాడ్ మీద నిలబడ్డా కదల్లేదు. పిస్టన్ సిలిండరుకి పట్టేసింది. ప్లగ్గు తీసి ఆ చిల్లులోంచి కిరసనాయిలూ ఇంజనాయిలూ కలిపి పోసి, రోజుల తరబడి నానబెట్టాల్సి వచ్చింది. తుప్పుతో తొందర పనికిరాదు. బలం చేస్తే ఏదో ఒకటి విరుగుతుంది.

ఇలాంటి బళ్ళు బాగుచేసేవాళ్ళ మధ్య ఒక మాట మంత్రంలా తిరుగుతుంటుంది. 'ఒరిజినల్.' నట్టు ఒరిజినలా, రంగు ఒరిజినలా, ట్యాంకు మీద బంగారు గీత చేత్తో గీసిందేనా? 2021లో కేంద్ర ప్రభుత్వం వింటేజ్ వాహనాలకి ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్ళు దాటి, మొదటి రూపంలోనే ఉండి, ఛాసిస్‌లో గానీ బాడీలో గానీ ఇంజనులో గానీ పెద్ద మార్పులేవీ జరగని బండికి ఆ హోదా వస్తుంది. కొత్తగా రిజిస్ట్రేషన్‌కి ఫీజు 20,000 రూపాయలు. ఆ హోదా వచ్చాక మాత్రం బండిని రోజూ వాడుకోకూడదు. ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలు పోయించడానికో, మరమ్మతుకో మాత్రమే రోడ్డెక్కాలి. దీని వెనకున్న ఆలోచన గమనించండి. మారనిది విలువైనది. వాడకం దాని విలువని పాడుచేస్తుంది.

కానీ ఈ బండికి ఒరిజినల్ ఎక్కడుంది? బుల్లెట్ పుట్టింది ఇంగ్లండులోని రెడ్డిచ్‌లో. 1955లో ఆ కంపెనీ మద్రాస్ మోటార్స్‌తో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టింది. తిరువొత్తియూరు ఫ్యాక్టరీలో మొదట అక్కణ్ణించి వచ్చిన భాగాలు బిగించేవాళ్ళు. తర్వాత భాగాలు కూడా ఇక్కడే చేయడం మొదలైంది. 1970 దాటేసరికి ఇంగ్లండు కంపెనీయే లేకుండా పోయింది, ఇక్కడి బండి మాత్రం మిగిలింది. మా 1973 బండి తల్లి చచ్చిపోయాక కూడా పెరుగుతున్న పిల్ల లాంటిది. దాన్ని 'మొదటి రూపం'లో నిలబెట్టాలంటే ఏ మొదలు దగ్గర ఆగాలి?

ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లోంచి రాలేదు. బండి ఎడమ పక్కన వెనక చక్రానికి అడ్డంగా ఉన్న ఒక ఇనప చట్రం దగ్గర వచ్చింది. దాన్ని చీర గార్డు అంటాం. దాని కిందే ఆడవాళ్ళు పక్కకి తిరిగి కూర్చున్నప్పుడు కాళ్ళు పెట్టుకునే బద్దీ. మా బండికున్నవి కంపెనీ ఇచ్చినవి కావు. ఊళ్ళో వెల్డింగ్ మేస్త్రి చేసినవి.

1975లో గుడివాడ నించి వస్తుంటే అమ్మ చీర కుచ్చిళ్ళు గొలుసులో పడ్డాయి. బుల్లెట్‌కి గొలుసు ఎడమ పక్కే. ఆడవాళ్ళు కాళ్ళు వేలాడేసి కూర్చునేదీ అటే. ఒళ్ళో రెండేళ్ళ మా అన్నయ్య. వాడికేం కాలేదు, అమ్మ వాణ్ణి వదల్లేదు కాబట్టి. ఆమె భుజం ఎముక విరిగింది. ఈ కథ మా ఇంట్లో చిన్నప్పట్నించీ విన్నాను. నాన్న చెప్పేటప్పుడు అది ఆయన ఎంత చాకచక్యంగా బండి ఆపారన్న కథ. అమ్మ చెప్పేటప్పుడు ఆరు వారాలు ఎడమ చేత్తో వంట చేసిన కథ. ఆ తర్వాతే మేస్త్రి చేత ఈ చట్రం పెట్టించారు. దీనికోసం ఫ్రేము మీద రెండుచోట్ల వెల్డింగ్ చేశారు.

ఒరిజినల్ కోరుకునేవాళ్ళ లెక్కలో ఆ వెల్డింగ్ ఒక మచ్చ. బెజవాడ ఆటోనగర్‌లో నేను సామాన్ల కోసం తిరిగినప్పుడు చాలామంది చెప్పింది ఒకటే మాట. "ముందా గార్డు కోసెయ్యండి మేడం, గ్రైండింగ్ పెట్టిస్తే ఆనవాలు కూడా కనపడదు, బండి లుక్కే మారిపోద్ది." ఒక దుకాణంలో అయితే నాతో మాట్లాడ్డమే దండగనుకుని "సార్‌ని పంపించండి" అన్నారు. బెంగుళూరులో ఉన్న అన్నయ్యదీ ఫోన్లో అదే మాట. "కోసేసి షోరూం కండిషన్‌కి తీసుకురావే. ఆ ఇనప ముక్కతో ఎవరు చూస్తారు?"

లుక్ మారుతుందన్నది నిజమే. గార్డు లేని బుల్లెట్ వెనక చక్రం పూర్తిగా కనిపిస్తూ అందంగా ఉంటుంది. ఆ అందం ఎక్కణ్ణించి వస్తుందో ఆలోచించాను. వెనక సీటులో ఎవరూ లేరన్న ఊహలోంచి వస్తుంది. నడిపేవాడు ఒక్కడే, ముందు రోడ్డు ఒక్కటే. మోటారు సైకిలు మీద రాసిన తత్త్వం కూడా ఎక్కువగా ముందు సీటుదే. రాబర్ట్ పిర్సిగ్ 1974లో రాసిన 'జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటార్‌సైకిల్ మెయింటెనెన్స్' నాకిష్టమైన పుస్తకం. యంత్రం మీద శ్రద్ధ పెట్టడం నైతికమైన పని కూడా అని అంత వివరంగా చెప్పినవాళ్ళు తక్కువ. అందులో వెనక కూర్చున్న కొడుకు పుస్తకం చివరికొచ్చేదాకా తండ్రి వీపునే చూస్తుంటాడు. చివర్లో ఫుట్‌రెస్టుల మీద నిలబడితే గానీ రోడ్డు కనపడదు. పక్కకి తిరిగి కూర్చున్న మా అమ్మలకి ఆ వీపు కూడా సరిగ్గా కనపడదు. వాళ్ళకి కనపడింది రోడ్డు పక్కన కాలవ.

వెనక కూర్చునేవాళ్ళు ఉంటారని చట్టానికి మాత్రం తెలుసు. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది చెప్పేది అదే. ప్రతి మోటారు సైకిల్‌కీ వెనకవాళ్ళు పట్టుకోవడానికి పిడి, కాళ్ళు పెట్టుకోవడానికి చోటు ఉండాలి. బట్టలు చక్రంలో పడకుండా కనీసం సగం చక్రాన్ని కప్పే అడ్డు ఉండాలి. ఈ నిబంధనలో ఎక్కడా 'ఆడవాళ్ళు' అన్న మాట కోసం వెతకనక్కర్లేదు. చీర చెంగులు, చున్నీలు ఎవరివో అందరికీ తెలుసు. ఇప్పటికీ చున్నీ చక్రంలో చుట్టుకుని చనిపోయిన అమ్మాయిల వార్తలు జిల్లా పేజీల్లో చదువుతూనే ఉన్నాం.

నా స్నేహితురాలొకామె, చాలాకాలంగా ఉద్యమంలో ఉన్న మనిషి, షెడ్డుకొచ్చి గార్డు చూసి వేరే కారణంతో కోసెయ్యమంది. "మీ అమ్మని పాతికేళ్ళు వెనక కూర్చోబెట్టిన ఇనుమది. హ్యాండిల్ ఆమె చేతికి ఎవరూ ఇవ్వలేదు. ఇచ్చింది ఈ బద్దీ. దీన్ని రంగేసి దాచుకుంటావా?" అంది.

ఆ మాట తీసిపారేసేది కాదు. అణచివేత గుర్తులన్నిటినీ మనం జ్ఞాపకాల పేరుతో పదిలపరచుకోనక్కర్లేదు. అమ్మమ్మ రోకలిని డ్రాయింగ్ రూములో అలంకారంగా పెట్టుకున్నప్పుడు ఆమె భుజాల నొప్పి ఏమైందని మనమే రాశాం. కానీ గార్డు కోసేస్తే మిగిలేదేమిటి? అమ్మ ఎప్పుడూ ఎక్కనట్టుండే బండి. ఆమె పడ్డట్టు కూడా ఉండదు. అన్నయ్య అందం కోసం కోసినా, నా స్నేహితురాలు న్యాయం కోసం కోసినా గ్రైండరు పని ఒకటే, పోయే ఆనవాలూ ఒకటే.

ఇంకో ఆనవాలు గురించి కూడా చెప్పాలి. అది ఇనుములో లేదు. ఈ బండికి అడ్వాన్సు కట్టింది అమ్మ గాజులమ్మిన డబ్బు. పుట్టింటివాళ్ళు పెట్టిన నాలుగు గాజులు. ఆర్.సి.లో ఆ సంగతి ఉండదు. బండి బాగవుతోందని తెలియగానే 'నాన్న బండి కాబట్టి నాకే' అని అన్నయ్య అన్నది దురాశతో కాదు. అది లోకరీతి, వాడికి అందులో వింతేం కనపడలేదు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా రాయకుండా పోయిన మగవాడి ఆస్తిలో భార్యకీ కొడుకుకీ కూతురికీ సమాన వాటాలు. బండయినా అంతే. రవాణా ఆఫీసులో యజమాని చనిపోయినప్పుడు పేరు మార్చడానికి ఫారం 31 అని ఒకటుంది. ఇన్నేళ్ళలో మా ఇంట్లో ఎవరూ దాని ముఖం చూడలేదు.

కార్బురేటర్ విప్పిన రోజుల్లోనే ఈ బండి గురించి అమ్మకి ఎంత తెలుసో నాకు తెలిసింది. పాతికేళ్ళుగా ఎండిపోయిన పెట్రోలు లోపల జిగురులా గట్టిపడి ఉంది. జెట్లు ఇత్తడివి. అమ్మ వాటిని చూసి, అడక్కుండానే చింతపండు నీళ్ళు పట్టుకొచ్చింది. నానాక జెట్టు చిల్లులోంచి మురికి తీద్దామని నేను సన్నటి తీగ తీశాను. "పిన్నుతో పొడవకు. చిల్లు పెద్దదైతే మంట పచ్చగా వచ్చి మసి పడుతుంది" అంది. ఆమె చెప్తున్నది పంపు స్టౌ గురించి. కార్బురేటర్ సంగతీ అచ్చంగా అదే. జెట్టు చిల్లు పెద్దదైతే పెట్రోలు ఎక్కువ పోయి ప్లగ్గు నల్లగా మసిబారుతుంది. గాలీ ఇంధనం పాళ్ళు తప్పితే స్టౌ అయినా ఇంజనయినా ఏడ్చేది ఒకేలా. ఆ చిల్లు కొలత అమ్మ చేతికి ముప్ఫై ఏళ్ళుగా తెలుసు. రోజుకి రెండుపూటలా పిన్ను పెట్టి, పంపు కొట్టి, మంట రంగు చూసి సరిచేసిన ఆడవాళ్ళని ఎవరూ మెకానిక్కులనలేదు. పైగా ఒకప్పుడు కోడళ్ళు కాలి చనిపోతే 'స్టౌ పేలింది, దానికి వాడకం తెలీదు' అని రాయించేవాళ్ళు. ఆ మాట వెనక ఎన్ని హత్యలు దాక్కున్నాయో బయటికి తీసి, 1983లో 498ఏ, 1986లో 304బి సెక్షన్లు వచ్చేదాకా పోరాడాల్సి వచ్చింది. ఆడవాళ్ళకి యంత్రం తెలియదన్న మాట ఉత్త వెక్కిరింత కాదు. హంతకులకి సాక్ష్యంగా కూడా పనికొచ్చింది.

న్యూయార్క్ కళాకారిణి మీర్లె లాడర్మన్ యూకెలెస్ తల్లయిన కొత్తలో, 1969లో, ఒక ప్రణాళిక రాసింది. పనుల్ని రెండుగా విడదీసింది. కొత్తది కట్టడం ఒకటి, ఉన్నదాన్ని నిలబెట్టడం ఒకటి. మొదటిదానికి పేరొస్తుంది, రెండోది టైమంతా తినేస్తుంది అన్నది ఆమె చెప్పిన సారాంశం. 1973లో ఒక మ్యూజియం మెట్లు, నేల గంటల తరబడి కడిగి, అదే నా కళ అంది. మా బండి గురించి ఆలోచిస్తే నాకు మూడో విభజన కూడా కనపడుతుంది. నిలబెట్టే పనిలోనే ఒకటి కనపడేది, ఒకటి కనపడనిది. ఇరవై ఐదేళ్ళు మూలన పడ్డ బండిని లేపితే కనపడుతుంది. ఇరవై ఐదేళ్ళు మూలన పడకుండా చూసుకుంటే కనపడదు. నాన్న బతికున్నన్నాళ్ళూ ఆ బండి సీటు కవర్లు కుట్టిందెవరు, వానొస్తే గోనెపట్టా కప్పిందెవరు అని ఇప్పటిదాకా ఎవరూ రాయలేదు.

అయితే గార్డు సంగతి? మా వాదనల్లో ఎవరి మాటా దాన్ని తేల్చలేదు. తేల్చాల్సిన మనిషి ఇంట్లోనే ఉంది. డెబ్బై నాలుగేళ్ళది. ఆమె డబ్బు, ఆమె భుజం, ఆమె వాటా. అడిగాను. ఉంచమంటుందేమో, తీసెయ్యమంటుందేమో అని రెండింటికీ సిద్ధంగానే ఉన్నాను.

అమ్మ బండి స్టాండు మీదుండగా పట్టుకుని ఎక్కి కూర్చుంది. కాలు చాపి చూపించింది. "చూడు, బద్దీ ఎప్పుడూ అందలేదు. మేస్త్రి మరీ కిందకి కొట్టాడు. ఇన్నేళ్ళూ బొటనవేళ్ళ మీద బరువేసి కూర్చున్నాను. ఈ కడ్డీల మధ్య సందు కూడా ఎక్కువే, పట్టుచీర అంచు ఒకసారి మళ్ళీ పడింది, నాన్నకి చెప్పలేదు. ఇది తీసేసి సరిగ్గా చేయించు. బద్దీ మూడు వేళ్ళు పైకి, కడ్డీలు దగ్గరగా. నువ్వెవర్నీ ఎక్కించుకోవా ఏం?"

పాత గార్డు ఏం చెయ్యమంటావంటే "పాతసామాన్లవాడికి వేసెయ్" అంది.

నేను, అన్నయ్య, నా స్నేహితురాలు ముగ్గురం కలిసి వేసుకున్న ప్రశ్న 'ఉంచడమా, తీయడమా' అన్నది. అమ్మ దాన్ని అసలు పట్టించుకోలేదు. ఆమెకి గతంలో ఏ రోజుకీ తిరిగి వెళ్ళాలని లేదు. బండి కొత్తగా వచ్చిన రోజున గార్డే లేదు, ఆమె పడిపోయింది. గార్డు వచ్చాక కాలు అందలేదు. ఆమె లెక్కలో ఈ బండి ఎప్పుడూ సరిగ్గా లేదు. ఎప్పుడూ సరిగ్గా లేనిదాన్ని ఏ స్థితికి 'పునరుద్ధరిస్తాం'? ఒరిజినల్ అన్న మాట ఎవరికి హాయిగా ఉంటుందంటే, ఆ మొదటి రోజున హాయిగా ఉన్నవాళ్ళకి.

దీనికి ఒక అభ్యంతరం ఉంది, అది బలమైనదే. ఇలా ఎవరికి కావల్సినట్టు వాళ్ళు మార్చుకుంటూ పోతే చరిత్రకి ఆధారాలేం మిగులుతాయి? మ్యూజియంలో వస్తువుని ఎవరి కాలికో అందలేదని మార్చరు కదా? మార్చకూడదు. మ్యూజియం వస్తువు మీద ఎవరూ ఎక్కరు. అది సాక్ష్యం చెప్పడానికే ఉంది. ఇంట్లో వస్తువు ఇంకా బతుకుతోంది. దాని మొదటి బాధ్యత ఎక్కేవాళ్ళకి. అందుకని పాత గార్డు కోసే ముందు నాలుగు పక్కల్నించీ ఫొటోలు తీశాను, కొలతలు నోటుబుక్కులో రాసుకున్నాను, ఎప్పుడు ఎందుకు పెట్టారో అమ్మ చెప్పింది చెప్పినట్టు రాశాను. నాన్న చెప్పే కథ కూడా దాని పక్కనే రాశాను. సాక్ష్యం పోకుండా చూడ్డానికి అమ్మ కాలు మళ్ళీ వేలాడాల్సిన పని లేదు.

కొత్త గార్డు వెల్డింగ్ పాత వెల్డింగ్ పక్కనే వచ్చింది. పాత మచ్చని గ్రైండింగ్ పెట్టించలేదు. అన్నయ్య ఫొటో చూసి "వింటేజ్ విలువ పోయిందిగా" అన్నాడు. పోయి ఉండొచ్చు. ఫారం 31 మీద అమ్మ పేరు రాయించడానికి వాడి సంతకం అడిగాను. రెండు రోజులు ఫోను చేయలేదు. తర్వాత అమ్మకే ఫోను చేసి గాజుల సంగతి నిజమేనా అని అడిగాట్ట. నిజమేనంది. సంతకం పెట్టి పంపాడు. మిగతా కాగితాల పని ఇంకా నడుస్తోంది.

ఇంజను మాత్రం మొన్న వేసవిలో లేచింది. పాత బుల్లెట్‌ని లేపడానికో పద్ధతుంది. హెడ్‌లైటు పైన ఉండే ఆమీటర్ ముల్లు మధ్యకి వచ్చేదాకా కిక్ రాడ్‌ని నెమ్మదిగా దించాలి. డికంప్రెషన్ లివరు నొక్కి పిస్టన్‌ని ఆ బిగువు దాటించి, వదిలి, అప్పుడు ఒక్క తన్ను. దీనికి బలం పెద్దగా అక్కర్లేదు, పిస్టన్ ఎక్కడుందో తెలిస్తే చాలు. మగవాళ్ళ బండి, మగవాళ్ళ కాలు అని ఇన్నేళ్ళుగా విన్నదంతా ఆ ముల్లు చూడ్డం రానివాళ్ళు పుట్టించిన మాట అని నా అనుమానం.

ఇప్పుడు పాత ఇళ్ళని కూడా రెస్టోర్ చేస్తున్నారు. టేకు స్తంభాలకి పాలిష్, వసారాకి ఎర్ర రంగు, ఉయ్యాల బల్లకి ఇత్తడి గొలుసులు. వంటింటి గోడ మీద మసి మాత్రం సున్నం కింద పోతుంది. పొగ పోయే దారి అప్పుడూ లేదు, ఇప్పుడూ పెట్టరు. ఎందుకంటే ఒరిజినల్‌లో లేదుగా! ఇంటినైనా, బండినైనా, కుటుంబాన్నైనా 'మునుపటిలా' నిలబెడతామని ఎవరైనా బయల్దేరినప్పుడు మనం ముందు అడగాల్సింది ఒకటుంది. మునుపు ఇందులో ఎవరి కాలు అందలేదు? వాళ్ళు ఇంకా బతికుంటే కొలత వాళ్ళనే చెప్పమనాలి.